మఱచిన యొక్క మాట

ప్రయాణమనగానే మన యిండ్లలో మొదట కదలునది వంటిల్లు. పులిహోర యొక డబ్బాలోను, పెరుగన్నము వేఱొక గిన్నెలోను సర్దుదుము. త్రోవలో పిల్లలు పేచీ పెట్టినచో చేతిలో పెట్టుటకు జంతికలు, పెద్దవారి మాత్రలు, తీర్థమునకు రాగిచెంబు, తడిసినచో మార్చుకొనుటకు చీర, ఇవి యన్నియు తలపునకు వచ్చును. ఇన్నేండ్లుగా పదిమంది ప్రయాణములను చూచుచున్నాము. మూటలో నుండవలసిన వస్తువును మఱచుటచే చెడిన ప్రయాణ మొక్కటియు మాకు కనబడలేదు. చెంబు మఱచినవారికి త్రోవలో చెంబు దొరకును. ఒక మాట మఱచినవారికి మాత్రము త్రోవయే మాఱిపోవును. ఎగువయా, దిగువయా? ఏ పక్షము? ఏ కొత్తపల్లె? ఇంత చిన్న ప్రశ్న యడుగక బయలుదేఱి, కలలో ననుకొనని చోట రాత్రి గడపి వచ్చినవారు మా ప్రాంతమున కొందఱు గలరు.

మా దొర్నిపాడు ఆళ్లగడ్డకును కోవెలకుంట్లకును నడుమ నల్లరేగడి నేలలో నున్నది. తూర్పున నల్లమల కొండలు. ఈ ప్రాంతముననే, ఆ కొండల యంచున, 1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్రకు పోయిరి. ఆయన మదరాసు సుప్రీముకోర్టులో దుబాసీ. ఆ సంవత్సరము మే 18వ తేదీని సుమారు నూఱుమంది పరివారముతో బయలుదేఱి, కడప దాటి అహోబిలము, మహానంది, శ్రీశైలము సేవించుకొని ఉత్తరమునకు సాగిరి. తిరిగి యింటికి చేరునప్పటికి 1831 సెప్టెంబరు. దిగిన ప్రతి మజిలీలోను నీటివసతి యెట్టిది, అంగళ్లలో నేమి దొరకును, త్రోవ రాళ్లదా యిసుకదా యని వ్రాసి, కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి జాబులుగా పంపుచు వచ్చిరి. ఆ జాబులే ఆయన పోయిన తరువాత 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చుపడినవి. కొందఱికి ఆ పుస్తకము విసుగు పుట్టించును. ఊరి పేరు, దూరము, బియ్యము, నీళ్లు, ఇంతేనా యందురు. నూఱుమందిని వెంటబెట్టుకొని యడవిలో నడచువానికి నీళ్ల మాట మఱచిన నేమగునో వారెఱుగరు.

ఇక మా అహోబిలము మాట. ఇది యొక్క యూరు కాదు. దిగువ యహోబిలమున ప్రహ్లాదవరదస్వామి పెద్ద కోవెల యున్నది. ఎగువ యహోబిలము అక్కడికి దాదాపు ఎనిమిది కిలోమీటర్ల దూరమున కొండలలో భవనాశి యొడ్డున నున్నది. తక్కిన నారసింహ సన్నిధులు కొండలోను అడవిలోను చెదరి యుండగా, జ్వాలానరసింహుని సేవింపగోరువారు రాళ్లమీద నెక్కి పోవలయును. కావున 'అహోబిలము' అని మాత్రము చెప్పి పంపినచో, సగము చెప్పినట్లే. ఇంతటితోను తీఱలేదు. అనంతపురము జిల్లాలో ఉరవకొండకు సమీపమున, పెన్న దరిని, పెన్నహోబిలమను మఱియొక క్షేత్రమున్నది. అక్కడను లక్ష్మీనృసింహస్వామియే. స్వామి పాదముద్రపై గుడి వెలసినదని చెప్పుదురు. మనవారికి అహోబిలమనిన నల్లమలలోనిది. ఉరవకొండ, బళ్లారి వైపువారికి, ముఖ్యముగా ముసలివారికి, అహోబిలమనిన అదియే. రెంటికిని నడుమ రెండు వందల కిలోమీటర్ల వఱకు నుండును.

నందననామ సంవత్సరము, అనగా 2012, శ్రావణ శుద్ధములో మా వీథివారి పిల్లకు దిగువ యహోబిలమున పెండ్లి నిశ్చయమయ్యెను. పిల్ల తల్లిది బళ్లారి. అక్కడ తెలుగువారు తరతరములుగా నున్నారు. మా యింటివారు బడిపంతులగుటచే శుభలేఖలు వారిచేత వ్రాయించుకొనుట మా వీథి వాడుక. వారు 'ఆళ్లగడ్డ సమీపమున దిగువ యహోబిలము' అని స్పష్టముగా వ్రాసి యిచ్చిరి. అచ్చాఫీసుకు పోయిన తరువాత పిల్ల తండ్రికి తన దాయాదుల పేర్లు రెండు విడిచిపోయినట్లు జ్ఞప్తికి వచ్చెను. కార్డులో చోటు లేదు. చోటు కావలసినచో దేనినో తీయవలయును. పెండ్లివారి పేర్లలో నొకటి తీసిన తగవు వచ్చును. 'ఆళ్లగడ్డ సమీపమున దిగువ' అను మూడు మాటలు ఎవరికి దాయాదులు గనుక? అవి పోయినవి. 'అహోబిల శ్రీ లక్ష్మీనృసింహస్వామివారి సన్నిధి' అని మాత్రము పసుపు పూసికొని బళ్లారి చేరినది.

మన పెండ్లిండ్లలో పిల్లను బుట్టలో కూర్చుండబెట్టి మంటపమునకు మోసికొని వచ్చువాడు మేనమామ. ఈ మేనమామ పిల్ల యేడేండ్లది యైనప్పటినుండి, ఎప్పుడు వచ్చినను, 'బరువెంత యున్నావో చూతము' అని యెత్తి చూచి పోవువాడు. ముహూర్తము తెల్లవాఱుజామున. అంతకుముందు దినము మధ్యాహ్నము ఆయన భార్యాబిడ్డలతోను, ఎనుబది యేండ్ల తల్లితోను ఒక జీపు కట్టించుకొని బళ్లారి విడిచెను. ఎక్కడికని డ్రైవరు అడుగగా అవ్వ ముందుగా, 'అహోబిలమునకు పోవు త్రోవ నాకు తెలియదా?' అనెనట. విడపనకల్లు మీదుగా ఉరవకొండ, అక్కడినుండి పెన్నహోబిలము. సాయంకాలము దీపాల వేళకు గుడి ముందు దిగి చూతురు గదా, పందిరి లేదు, మేళము లేదు, తెలిసిన ముఖ మొక్కటి లేదు. పెండ్లి యేదని యడుగగా పూలు కట్టుకొనుచున్న యొక యామె, 'రేపు ఇక్కడ పెండ్లి లేదే, తల్లీ!' అనినదట.

ఆ రోజులలో అహోబిలము కొండదరిని సెల్‌ఫోనులు సరిగా పలుకకుండెను. ఇక్కడ మేమందఱమును ఎదురు చూచుచునే యున్నాము. పిల్ల తల్లి, అంటే ఆ మేనమామకు చెల్లెలు, రాత్రి పదిగంటలవఱకు వీథిమొగమున నిలిచి, ఆపైన మాటలాడుట మానెను. ఎట్టకేలకు ఒక ఫోను కలిసి సంగతి తెలిసినది. మగవారు కొందఱు నవ్విరి. చెల్లెలు నవ్వలేదు. తన పుట్టినింటివారు తన కూతురి పెండ్లి స్థలమును గూడ సరిగా కనుగొనలేదని అత్తవారి ముందు వినవలసి వచ్చినది ఆమె కదా! శుభలేఖ నుండి ఆ మూడు మాటలు తీయించినవారు ఆ పందిటిలోనే తాంబూలము నములుచు కూర్చుండిరి. వారినెవ్వరు నేమియు ననలేదు. ఇటువంటి తప్పులకు వెల యెల్లప్పుడును ఇంటి యాడుదియే చెల్లించుట మేము చూచుచున్నాము.

ముహూర్తము ఎవరికొఱకును ఆగదు. వరుసకు మేనమామ యగు మఱియొకరు బుట్ట నెత్తిరి. మంగళసూత్రధారణమైనది.

వారి సంగతి యటుపిమ్మట మా యత్తగారివలన మాకు తెలిసినది. పెన్నహోబిలమున గుడి దగ్గఱివారు వారికి భోజనము పెట్టి, వెంటనే బయలుదేఱుమనిరి. కదలనిది అవ్వ యొక్కతె. పదమూడవ యేట ఆమె పెండ్లి జరిగినది ఆ సన్నిధిలోనే యట. తరువాత బళ్లారి కాపురము, బిడ్డలు, వైధవ్యము. అరువదేండ్లకు పైగా ఆ వైపు తీసికొని పోయినవారు లేరు. ఆమె యడుగనును లేదు. తల్లి యెక్కడ పెండ్లాడినదో కొడుకునకే తెలియదట. ఆమె మనుమరాండ్ర చేయి పట్టుకొని, తన పల్లకి దించిన చోటు, తన తండ్రి అలిగి కూర్చున్న మెట్టు, పెండ్లికొడుకు వారు బస చేసిన మంటపము, అన్నియు చీకటిలో చేతిదీపముతో చూపినదట. 'ఒక్క గడియ' యన్నది రెండు గంటలయ్యెను. కొడుకు ఒకప్రక్క గడియారము చూచుచు, మఱియొకప్రక్క తల్లిని కసరలేక, మెట్లమీద కూలబడెనట.

అటుపైన గుత్తి, తాడిపత్రి, కొలిమిగుండ్ల మీదుగా రాత్రియంతయు జీపు నడచినది. కోవెలకుంట్ల దాటిన తరువాత డ్రైవరు దగ్గఱి త్రోవ యని యొక బండిబాటలోనికి త్రిప్పెను. ఆ రాత్రి వాన. మా రేగడి తడిసినచో మనిషి కాలినే విడువదు, జీపును విడుచునా? తెల్లవాఱువఱకు అందులోనే కూర్చుండిరి. అక్కడ వారు బురదలో నున్నప్పుడు ఇక్కడ మేము తలంబ్రాలు చూచుచుంటిమి. వేకువను చేనికి పోవు రైతులు చూచి ట్రాక్టరుతో లాగి, మా యూరికి చేర్చిరి. వారిని మా యింటి ముంగిట దించునప్పటికి, పెండ్లికి రాలేక యింట నుండిన మా యత్తగారు ముగ్గు పెట్టుచుండిరట. 'నాయనా, ముందు కాళ్లు కడుక్కోండి. పెండ్లి ఈ పాటికి అయిపోయింటాది. అవ్వ వణుకుతా ఉంది, ఆమెను లోపలికి తీసుకురాండి' అని, వేడినీళ్లు పోయించి, తన పట్టుచీర కట్టబెట్టి, కాఫీ యిచ్చి పంపిరి. ఇది మా యింటి గొప్పకొఱకు చెప్పుట లేదు. 1866వ సంవత్సరపు క్షామమున వేలమందికి అన్నము పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిగారి ఉయ్యాలవాడ మాకు ప్రక్కనే. ఈ సీమలో వాకిట దిగినవారిని ఏ యూరని యడుగుట భోజనమైన తరువాతనే.

వారు అహోబిలము చేరునప్పటికి అప్పగింతల వేళ. చెల్లెలు అన్న ముఖము చూడలేదు. ఆయన చేతులు కట్టుకొని స్తంభము చాటున నిలిచెను, పంచెకంతయు బురద. అప్పుడు పిల్ల లేచి, మూలనున్న పెండ్లిబుట్టను తానే లాగికొని వచ్చి అందులో కూర్చుండెను. 'మామా, మోస్తానని చిన్నప్పుడే చెప్పినావు గదా, మోయి' అనినది. ఇది శాస్త్రమున లేదని పెద్ద లొకరనిరి. వలదనియు లేదని పురోహితులు నవ్విరి. ఆయన మంటపమునుండి కారు వఱకు పిల్లను మోసికొని పోయెను. ఏడ్చుచునే మోసెను.

అన్నచెల్లెండ్రకు మాత్రము నాలుగు నెలలు మాటలు లేవు. మార్గశిరమున అవ్వ పోయినది. చెల్లెలు బళ్లారి పోయి, పదునొకండవనాటి రాత్రి అన్నను కూర్చుండబెట్టి, పెన్నహోబిలమున అమ్మ యేయే మాటలు చెప్పినదో, ఏ మెట్టు చూపినదో, మొదటినుండి చెప్పుమనినదట. ఆ మఱునాడును మరల చెప్పించుకొనినదట. ఆ మాటలు ఆమె మాకు చెప్పినప్పుడు, 'ఆ కార్డు సరిగా ఉండింటే అమ్మ ఆ గుడి చూడకనే పోయుండును' అనినది. అంత మాత్రమున శుభలేఖలో తప్పు వేయుట మంచిదని మేమనజాలము. ఆమెయు ననలేదు.

స్థలము సంగతి యిది. కాలముతో నింకను చిక్కు. మన మాసము అమావాస్యతో ముగియును. కాశి మొదలగు ఉత్తరదేశములలో పున్నమితో ముగియును. శుక్లపక్షమునకు ఇరువురును ఒక్క పేరే చెప్పుదురు గాని, బహుళపక్షము వచ్చునప్పటికి వారు ఒక నెల ముందుందురు. మనకు ఆశ్వయుజ బహుళ అమావాస్య యగు దీపావళి వారికి కార్తిక అమావాస్య. మనకు శ్రావణ బహుళాష్టమి నాటి శ్రీకృష్ణజయంతి వారికి భాద్రపదమున. శివరాత్రి మనకు మాఘము, వారికి ఫాల్గుణము. పండుగ దినము మాత్రము ఎల్లవారికి నొక్కటియే. కావున పండుగకు పోవువారికి చిక్కు లేదు. తిథి చెప్పి గది యడుగువారికే చిక్కు. మా ప్రక్క యూరి ముత్తవ్వ లిద్దఱు కార్తిక బహుళ ఏకాదశినాటికి వచ్చెదమని కాశిలో నొక యింటివారికి చెప్పించి, తేదీ చెప్పుట మఱచిరి. ఆ యింటివారు తమ కార్తిక బహుళ ఏకాదశిని, అనగా మన ఆశ్వయుజములోనే, గది తుడిపించి, రెండుదినములు చూచి, వేఱొకరికి ఇచ్చివేసిరి. నెల తరువాత వీరు మూటలతో దిగిరి. ఆ రాత్రి వీరికి చోటిచ్చినది ఒక వంగదేశపు వితంతువు. ఒకరి భాష యొకరికి తెలియదు. మా అవ్వలు గోంగూర పచ్చడి పెట్టిరి, ఆమె కన్నీరు పెట్టుకొని నీళ్లు త్రాగినది. కారము చేతనే యని వారి యభిప్రాయము. అయిదు దినములును అక్కడనే యుండిరి.

గడియారమును గూర్చియు రెండు మాటలు. 1906వ సంవత్సరము జనవరి 1వ తేదీనుండి దేశమునకు నొక్క ప్రమాణకాలము ఏర్పడినది. అంతకుముందు రైళ్లకు మదరాసు కాలము ప్రమాణము; ఊరివారికి తమ సూర్యుడే ప్రమాణము. 1890 ప్రాంతమున నంద్యాలకు మొదట రైలు వచ్చినప్పుడు, నంద్యాల సూర్యునికన్న మదరాసు గడియారము ఏడు నిమిషములు ముందుండెను. నీడ చూచి బయలుదేఱినవానికి రైలు ఏడు నిమిషములు ముందే పోయినట్లు తోచును. ఇప్పటి గడియారము మా సూర్యునికన్న పదునాఱు నిమిషములు ముందున్నది. అందుచేతనే మా యూర నడినెత్తికి ప్రొద్దు వచ్చునప్పటికి సామాన్యముగా పండ్రెండు దాటి పావుగంట యగును. నిమిషములు పోగొట్టుకొన్నవారి మాట యటుండనిండు. ఒక దినమునే పోగొట్టుకొన్నవారు గలరు. 1519లో స్పెయిను దేశమునుండి మజెల్లను వెంట అయిదు ఓడలు బయలుదేఱినవి. పడమటి దిక్కుగా భూమిని చుట్టి వచ్చినది విక్టోరియా యను నొక్క యోడ. 1522 జూలైలో అది కేప్ వర్దీ దీవులు చేరినప్పుడు, ఓడవారి లెక్కకు బుధవారము, ఒడ్డున నున్నవారికి గురువారము. పిగఫెట్టా యనునాతడు ఒక్కనాడును విడువక దినచర్య వ్రాసినవాడు. తప్పెక్కడని యెంత వెదకినను కనబడలేదట. సూర్యుని వెంట పడమటికి తిరిగినవారికి ఒక సూర్యోదయము తగ్గునని అప్పుడు గాని తెలియలేదు.

ఇప్పుడు చేతిలోని ఫోనే త్రోవ చూపుచుండగా ఈ చిక్కులెక్కడివని మా పిల్లలందురు. ఫోను మనమడిగిన పేరునకే త్రోవ చూపును. మా దొర్నిపాడు మండలములో డబ్ల్యు. గోవిందిన్నె, డబ్ల్యు. కొత్తపల్లె యను గ్రామములు గలవు. ఒకే పేరు గల యూళ్లు పెక్కగుటచే, గుర్తునకు పేరు ముందొక యింగ్లీషు అక్షరము చేర్చుట ఈ సీమలో వాడుక. ఆ యక్షరమును నోటితో పలుకువారు తక్కువ, కాగితమునందే యుండును. జిల్లా పేరు చెప్పినను చాలదు. 2022 ఏప్రిల్‌లో కర్నూలునుండి విడివడి నంద్యాల జిల్లా యేర్పడినది గదా, ఆ జిల్లాలోనే ఆత్మకూరు వైపున కొత్తపల్లె యను మండలమే యున్నది.

గడచిన చైత్రమున మా డబ్ల్యు. కొత్తపల్లెలో నొక పిల్లను చూచుటకు పెండ్లిచూపులవారు బయలుదేఱిరి. మధ్యవర్తి అక్షరము చెప్పుట మఱచెను. వారు ఫోను చూపిన త్రోవనే పోయి, ఆత్మకూరు దాటి ఆ కొత్తపల్లె చేరి, పిల్ల తండ్రి పేరు చెప్పి ఇల్లిల్లు అడిగిరి. అక్కడివారు సంగతి గ్రహించి, 'ఇంత దూరము వచ్చితిరి, సంగమేశ్వరుని చూచి పొండు' అనిరట. 1981లో శ్రీశైలము ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఆ గుడి కృష్ణాజలములలో మునిగినది. ఏడాదిలో చాల నెలలు నీటి యడుగున నుండి, వేసవిలో నీరు దిగినప్పుడే పైకి వచ్చును. ఆ దినములలోనే అర్చనలు. వీరు పోయిన నాటికి గోడలింకను తడిగానే యున్నవట. పిల్లవాని తల్లి నదిలో కాళ్లు కడుగుకొని, ఒండ్రులో నడచి, వేపమ్రాని లింగమునకు దండము పెట్టుకొని వచ్చినది.

మఱునాడు వారు మా వైపు వచ్చిరి. ఆ కబురు విని, పిల్లకు అలంకారము చేయుటకు పిలిచిన పేరంటాండ్రలో మేమును పోయితిమి. వచ్చినవారు పిల్లను పాటపాడుమని యడుగలేదు, వంట వచ్చునా యని యడుగలేదు. సంగమేశ్వరుని మాటలే చెప్పుచుండిరి. కొంతసేపు తలవంచుకొని వినిన పిల్ల తలయెత్తి, 'లింగమునకు చెక్క కుళ్లదా, అత్తా? అన్ని నెలలు నీళ్లలో నుండియు?' అని యడిగినది. ఆమె తన కొడుకును ప్రక్కకు జరుగుమని, పిల్లను దగ్గఱ కూర్చుండబెట్టుకొని చెప్పసాగెను.